చెవిలో హోరు, ఇంట్లో మాట

చెవిలో మోతకు ఎవరి పేరు వాళ్లు పెట్టుకుంటారు. కొందరు కీచురాయి అంటారు. కొందరు కుక్కరు ఆవిరి అంటారు. సముద్రపు హోరు, తుమ్మెద రొద, దూరాన రైలు కూత, కరెంటు తీగ జుమ్మనడం – ఇలా ఎవరికి తెలిసిన చప్పుడుతో వాళ్లు పోల్చుకుంటారు. డాక్టర్లు దీన్ని టినైటస్ అంటారు. మన పూర్వులు కర్ణనాదం అన్నారు. సుశ్రుతుడు చెవి రోగాలు 28 అని లెక్కగట్టి, అందులో కర్ణనాదాన్నీ, బాధిర్యాన్నీ, అంటే చెముడునూ, వేర్వేరుగా చెప్పాడు. అంచేత ఇది మైకులూ మిక్సీలూ వచ్చాక పుట్టిన జబ్బని ఎవరూ అనుకోనక్కర్లేదు.

నాకు 2014 నుంచీ రెండు చెవుల్లోనూ ఈ మోత ఉంది. దానితోపాటు వినికిడీ తగ్గుతూ వచ్చింది. నేను డాక్టర్ని కాను. డాక్టర్లు చెప్పినదాన్ని రోజువారీ బతుకులో అమలు పెట్టుకుంటున్నదాన్ని. రోగం సంగతి వైద్యులు చెబుతారు. రోగంతో కాపరం సంగతి మాత్రం దానితో కాపరం చేసేవాళ్లే చెప్పాలి కదా!

వినడమే ఉద్యోగం

నేను 1979లో టెలిఫోన్సు డిపార్టుమెంటులో చేరాను. గోదావరి ఒడ్డున ఒక ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరు పని. చెవులకు హెడ్‌సెట్టు, ముందర తీగల బోర్డు. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చుగాని, ఆ రోజుల్లో పై ఊరికి ఫోను చెయ్యాలంటే మాకు చెప్పి, కాల్ బుక్ చేసుకుని, గంటల తరబడి కాచుకుని కూచునేవారు. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగ్ అని కాల్స్‌లో తరగతులుండేవి. లైనులో గరగరలు, పక్క లైను మాటలు, వాన పడితే ఇంకానూ. వాటన్నిటి మధ్య నుంచీ అవతలి వారి పేరూ, నంబరూ ఏరుకోవడమే మా పని. వినికిడే మాకు అన్నం పెట్టింది.

అలాటిదాన్ని యాభై అయిదో ఏట ఒక రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే, “పక్కింటివాళ్లు ఈ వేళప్పుడు మోటారు వేశారేమండీ?” అని మావారిని అడిగాను. “కరెంటే లేదు కదే, మోటారెక్కడిది?” అన్నారాయన. ఆ మోటారు తెల్లవారినా ఆగలేదు. ఆ వారంలోనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆయన ముందు దీపమున్న పరికరంతో చెవి లోపలికి చూశారు. గులిమి గట్టిపడి అడ్డుకున్నా, చెవిలో చీము పట్టినా, కర్ణభేరికి చిల్లు పడినా, దాని వెనక నీరు చేరినా వినికిడి తగ్గి హోరు వినిపించవచ్చునట. వీటిలో చాలా వాటికి చికిత్స ఉంది. అందుకని, “వయసొచ్చింది, ఇక ఇంతే” అని ఎవరికి వారు ఇంట్లో తీర్పు చెప్పుకోకూడదు. నాకు అవేవీ లేవు. తర్వాత చప్పుడు చొరబడని చిన్న గదిలో కూచోబెట్టి వినికిడి పరీక్ష చేశారు. 250 హెర్ట్జ్ నుంచి 8,000 హెర్ట్జ్ దాకా, అంటే లావు శబ్దం నుంచి బాగా సన్నని శబ్దం దాకా, కూతలు వినిపిస్తారు. వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు పెట్టి కాగితం మీద గీత గీస్తారు. నా గీత 1,000 దాకా ఇంచుమించు తిన్నగా నడిచి, అక్కణ్నుంచి రేవు మెట్లు దిగినట్టు దిగిపోయింది.

మా నాన్నగారికీ అరవై దాటేసరికి చెముడు వచ్చింది. నాది వయసూ వంశమూ కలిసి తెచ్చిన లోపమని డాక్టరుగారు అభిప్రాయపడ్డారు.

మోత ఎక్కడిది?

చెవి లోపల, ఎముకలో పొదిగినట్టు, నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న అవయవం ఉంది. దాన్నిండా ద్రవం ఉంటుంది. అందులో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 కణాలు, నెత్తిన సన్నని వెంట్రుకల్లాంటి మొలకలతో, వరసలు తీరి ఉంటాయి. శబ్దానికి ఆ మొలకలు వంగుతాయి. ఆ కదలిక విద్యుత్ సంకేతంగా మారి నరం వెంట మెదడుకు చేరుతుంది. నత్తగుల్ల మొదట్లో ఉన్న కణాలు సన్నని శబ్దాలను పట్టుకుంటాయి. లోపలి కొసన ఉన్నవి లావు శబ్దాలను పట్టుకుంటాయి. వయసు మీదపడినా, ఏళ్ల తరబడి పెద్ద మోతలో పనిచేసినా సాధారణంగా ముందు దెబ్బతినేవి మొదట్లో ఉన్నవే. మనుషుల్లో ఈ కణాలు పోతే మళ్లీ మొలవవు.

మరి చప్పుడు తగ్గాలి గాని, లేని చప్పుడు వినిపించడమేమిటి? పాత రేడియోలో స్టేషను సరిగా అందకపోతే వాల్యూం పెంచేవాళ్లం. పాటతోపాటు గరగరా పెరిగేది. చెవి నుంచి రావలసిన సంకేతాలు తగ్గితే మెదడూ అలాగే తన వాల్యూం పెంచుకుంటుందనీ, అప్పుడు వినిపించే గరగరే ఈ హోరనీ ఇప్పటి శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది భావిస్తున్నారు. ఇది మనసు కల్పించుకున్నది కాదు, పిచ్చికి మొదలూ కాదు. ఈ రెండు ముక్కలూ డాక్టరుగారు చెప్పాక ఆ రాత్రి నేను సగం బాగా నిద్రపోయాను.

పాలా? చాలా?

చెముడంటే శబ్దం చిన్నదైపోవడమని చాలామంది అనుకుంటారు. అంచేత గట్టిగా అరుస్తారు. నా మటుకు శబ్దం వినిపిస్తూనే ఉంటుంది, మాట తెలియదు. మన మాటలో అచ్చులు లావుగా, బలంగా ఉంటాయి. క, చ, త, ప, స, శ లాంటి హల్లులు సన్నగా, బలహీనంగా ఉంటాయి. నాకు అచ్చులు అందుతాయి, హల్లులు జారిపోతాయి. పాలు, చాలు, కాలు, తాలు – నాకు నాలుగూ ఒకటే. భోజనాల దగ్గర కోడలు “చాలా అత్తయ్యా?” అంటే, “ఇప్పుడు పాలెందుకమ్మా?” అంటాను. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

చెవిటి పెద్దమ్మను చేంతాడు తెమ్మంటే చెవిపోగులు నా జన్మలో ఎరగనన్నదని మనవాళ్లు సామెత చెబుతారు. చూడండి, పెద్దమ్మ బొత్తిగా తప్పు వినలేదు. మొదటి అక్షరం దగ్గరదగ్గరగా అందింది. మిగిలినది ఆవిడ బుద్ధి పూరించుకుంది. రోజంతా ఇలా సగం విని, సగం పూరించుకోవడంలో మెదడు అలసిపోతుంది. సాయంత్రానికి తలనొప్పి, విసుగు. “అమ్మకు ఈ మధ్య కోపం ఎక్కువైంది” అంటారు ఇంట్లో. అది కోపం కాదు, అలసట.

ఆడవాళ్ల గొంతులూ, పసిపిల్లల గొంతులూ సన్నం గనుక అవి మరీ కష్టం. మావారి మాట అర్థమై, మనవరాలి మాట అర్థం కాకపోతే, “తాతయ్య చెప్తే వింటావు, నేను చెప్తే వినవు” అని ఆ పిల్ల అలుగుతుంది.

“ఏం లేదులే!”

హోరుకు అలవాటు పడవచ్చు. నేను పడ్డాను. అలవాటు పడలేనిది ఇంకొకటుంది. ఇంట్లో నలుగురూ ఏదో చెప్పుకుని నవ్వుతారు. “ఏమిటర్రా?” అంటాను. ఎవరో ఒకసారి చెబుతారు. అర్థం కాదు. రెండోసారి అడుగుతాను. అప్పుడు వస్తుంది ఆ మాట: “ఏం లేదులే!”

అన్నవాళ్లకు అది పెద్ద విషయం కాదు. విన్నవాళ్లకు మాత్రం గదిలోంచి బయటికి పంపి తలుపు వేసినట్టుంటుంది. చెవిటివాళ్లకు ఈ మాట ఒక్కటీ ఎంత గొణిగినా స్పష్టంగా వినిపిస్తుందంటే నమ్మండి!

ఫోను విషయమూ అంతే. “మీకు వినబడదు గాని, సారుకివ్వండమ్మా” అంటారు. నలభై ఏళ్లు ఫోను మీద బతికినదాన్ని. చిరాకు పడి లాభం లేదని మావారికి ఇచ్చేస్తాను. 2018లో మా పుట్టింటి ఇల్లు అమ్మకానికి వచ్చింది. మా తమ్ముడు మావారితోనే మాట్లాడి అంతా తేల్చుకున్నాడు. “అక్కకు ఫోనులో చెప్పడం కష్టం కదా, బావగారూ” అన్నాడట. సంతకాలకు కాగితాలు వచ్చాకే నాకు తెలిసింది. తమ్ముడు మోసమేమీ చెయ్యలేదు. మంచి ధరే వచ్చింది, నాకు రావలసింది పైసలతో సహా లెక్కగట్టి ఇచ్చాడు. కాని మా అమ్మ నాటిన ఉసిరి చెట్టున్న ఆ పెరడు గురించి నన్నొక మాట అడిగితే ఏమనేదాన్నో! వద్దనేదాన్ని కాకపోవచ్చు. అడగవలసిన మనిషిని కదా!

చెముడు వల్ల అసలు నష్టం ఇదీ. కొంత మనిషి చెవిలో పోతుంది, మిగిలినది ఇంట్లో పోతుంది. చెవిలో పోయినదాన్ని తెచ్చుకోలేం. ఇంట్లో పోయేదాన్ని మాత్రం ఆపుకోవచ్చు.

ఆలస్యం చెయ్యకూడనివి

ముందుగా అత్యవసరమైనవి చెబుతాను. హఠాత్తుగా, కొన్ని గంటల్లోగాని, రెండు మూడు రోజుల్లోగాని ఒక చెవి వినబడకుండా పోతే, అది జలుబేనని ఊరుకోవద్దు. అదే రోజు చెవి డాక్టరును చూడాలి. ఇలాంటి దానికి స్టెరాయిడ్ మందులు వాడతారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, వారాలు గడిచాక ఫలితం సన్నగిల్లుతుంది.

హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు గుండెతో లయగా వినిపించినా, దానితోపాటు కళ్లు తిరుగుతున్నా, చెవి నుంచి చీముగాని రక్తంగాని కారుతున్నా, మూతి వంకరపోయినా పరీక్ష తప్పనిసరి. తలకు దెబ్బ తగిలాక హోరు మొదలైనా అంతే.

కొన్ని మందులు చెవికి హాని చెయ్యవచ్చు. జెంటమైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సరుకు వాడే సిస్‌ప్లాటిన్, ఎక్కువ మోతాదులో ఆస్పిరిను, క్వినైను ఈ కోవలోవి. వీటిని భయపడి మీ అంతట మీరు మానేయకండి, ప్రాణం కోసం ఇచ్చినవై ఉంటాయి. మందు మొదలుపెట్టాక హోరు వచ్చిందని రాసిన డాక్టరుకు చెప్పండి, ఆయన చూసుకుంటారు.

ఇక చెయ్యకూడనివి. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకు పసరు చెవిలో పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే అవి లోపలికి దిగి రోగం ముదురుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్ల – మూడూ వద్దు. అవి గులిమిని ఇంకా లోపలికి తోసేస్తాయి.

మందు లేదు, మార్గం ఉంది

దీర్ఘకాలంగా ఉన్న హోరును పూర్తిగా పోగొట్టే మాత్ర ఇంతవరకూ రుజువు కాలేదు. విటమిన్లు, జింకు, జింకో ఆకుల మాత్రలు వగైరా చాలా అమ్ముతారు. హోరు తగ్గించడంలో అవి పనిచేస్తాయనడానికి సరైన ఆధారం లేదు. “నెల రోజుల్లో గ్యారంటీ” అనేవారికి దూరంగా ఉండండి.

మేలు చేసేవి ఏమంటే, వినికిడి లోపం కూడా ఉన్నవారికి వినికిడి యంత్రం, చుట్టూ కాస్త మెత్తని శబ్దం, మనసును దాని మీది నుంచి మళ్లించే శిక్షణ. మెదడు ఒక విచిత్రమైన యంత్రం. ప్రమాదమని తలచినదాన్ని అది విడవకుండా వింటుంది. ప్రమాదం లేదని తేలితే వినడం మానేస్తుంది. రైలు పట్టాల పక్కన ఇల్లున్నవాళ్లకు రైలు వినబడదు చూడండి, అలాగ. రోజుకు పదిసార్లు “ఉందా? తగ్గిందా?” అని హోరును పలకరిస్తే అది మర్యాదస్తుడైన చుట్టంలా కూచుండిపోతుంది. ఈ శిక్షణ ఇచ్చే మానసిక నిపుణులున్నారు. దాన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. హోరు ధ్వని తగ్గకపోయినా, దానివల్ల కలిగే బాధ తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

రాత్రిపూట నిశ్శబ్దమే దీనికి బలం. అందుకే పూర్తి నిశ్శబ్దంలో పడుకోను. వేసవిలో ఫ్యాను చాలు. చలికాలంలో శ్రుతిపెట్టె చాలా సన్నగా పెట్టుకుంటాను. హోరును ముంచేసేంత గట్టిగా అక్కర్లేదు, దానికంటే ఒక పిసరు తక్కువగా ఉంటే చాలు. నిద్ర చెడితే మర్నాడు హోరు హెచ్చుతుంది. హోరు హెచ్చితే నిద్ర చెడుతుంది. ఈ గానుగ నుంచి ముందు బయటపడాలి.

కొందరికి ఇది భరించరానిదవుతుంది. ఇక బతకడమెందుకు అన్నంత దాకా వెళ్లే వాళ్లూ ఉన్నారు. అలా అనిపిస్తే దాచుకోకండి. ఇంట్లోవాళ్లకు చెప్పి, మానసిక వైద్యుణ్ని చూడండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ ఫోను 14416కు ఏ వేళనైనా చెయ్యవచ్చు. ఫోనులో వినబడకపోతే పక్కన ఒకరిని కూచోబెట్టుకోండి.

యంత్రంతో మొదటి నెల

కళ్లజోడు పెట్టుకోవడానికి మొహమాటపడని వాళ్లు చెవికి యంత్రం అనేసరికి వెనకాడతారు. ఎందుకో! కళ్లజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడంటారు, చెవి యంత్రం పెట్టుకుంటే ముసలివాడంటారు కాబోలు.

యంత్రం పెట్టుకున్న మొదటి రోజు నాకు పండుగలా లేదు, సంతలా ఉంది. పేపరు మడత తీస్తే ఫెళఫెళ, కొళాయి తిప్పితే జలపాతం, వంటింట్లో గరిట కిందపడితే పిడుగు. అప్పడం నేనే నములుతూ నేనే ఉలిక్కిపడ్డాను. కళ్లజోడు పెట్టగానే కనిపించినట్టు యంత్రం పెట్టగానే అంతా తేటగా వినిపించదు. ఏళ్లుగా వినని చప్పుళ్లను మెదడు మళ్లీ గుర్తుపట్టాలి. మొదట ఇంట్లో, నెమ్మదైన చోట రెండు మూడు గంటలు పెట్టుకోండి. వారం వారం పెంచుకోండి. ఇబ్బందులు ఒక కాగితం మీద రాసుకుని, వినికిడి నిపుణుల దగ్గరికి మళ్లీ వెళ్లి సరిచేయించుకోండి. ఒకటి రెండుసార్లు సరిచేస్తేగాని కుదరదు. పెట్టెలో దాచిన యంత్రం వల్ల ఉపయోగం లేదు.

మన వైపు ఉక్కకూ చెమటకూ యంత్రం పాడవుతుంది. రాత్రి తీసి, పొడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. స్నానానికి ముందు తీసెయ్యాలి. పరీక్ష లేకుండా, చౌకగా దొరికిందని ఎక్కడో ఒక యంత్రం కొనుక్కోవద్దు. ఎవరి గీతకు తగ్గట్టు వారికి అమర్చాలి.

స్తోమతు లేనివారికి దారులున్నాయి. ఆదాయ పరిమితికి లోబడి, వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి 1981లో మొదలైన కేంద్రప్రభుత్వ ఎడిప్ పథకం కింద యంత్రాలు ఇస్తారు. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ పరీక్షలూ, యంత్రాల అమరికా జరుగుతాయి. ఊళ్లో ఉన్నవారు ముందు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో విచారించవచ్చు.

చెముడును నిర్లక్ష్యం చేస్తే నష్టం మాటలతోనే పోదు. నడివయసులో వినికిడి లోపాన్ని పట్టించుకోకపోవడం మతిమరుపు వ్యాధికి దారితీయగల కారణాల్లో ఒకటని లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2020లోనూ, 2024లోనూ హెచ్చరించింది.

ఇంటిల్లిపాదికీ నియమాలు

యంత్రం పెట్టుకున్నా పూర్వపు చెవులు రావు. తక్కింది ఇంటివాళ్లు పూరించాలి. మా కోడలు వంటింటి తలుపు మీద ఒక కాగితం అంటించింది. అందులో ఉన్నవి ఇవి:

ముందు పిలిచి, నావైపు చూశాక విషయం చెప్పాలి. పక్క గదిలోంచి మాట్లాడకూడదు. ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా ఉండాలి, పెదవుల కదలిక సగం చెబుతుంది. అరవకూడదు. అరిస్తే అచ్చులు లావవుతాయి గాని హల్లులు తేటపడవు. కొంచెం నెమ్మదిగా, స్పష్టంగా అంటే చాలు. ఒకసారి అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు అనకుండా మాట మార్చాలి. “చాలా?” అర్థం కాకపోతే “ఇంకా వడ్డించనా?” అనాలి. మిక్సీ తిరుగుతుండగా, టీవీ మోగుతుండగా ముఖ్యమైన సంగతులు చెప్పకూడదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, “ఏం లేదులే” అనకూడదు. ఇప్పుడు తీరిక లేకపోతే “తర్వాత చెబుతాను” అనాలి, చెప్పాలి.

వినబడనివారికీ బాధ్యతలున్నాయి. అర్థం కాకపోయినా తల ఊపి చిరునవ్వు నవ్వడం మనలో చాలామందికి అలవాటు. దానివల్ల ఎదుటివారు విన్నామనుకుంటారు. “ఆఁ? ఏమిటి?” అనడం కంటే, “బుధవారం అన్నావు, ఎన్ని గంటలకి?” అని విన్నంత తిరిగి చెబితే వాళ్లు మిగతా ముక్క ఒక్కటే అందిస్తారు. విసుగు సగం తగ్గుతుంది. బ్యాంకులోనూ, ఆస్పత్రిలోనూ ముందే చెప్పెయ్యండి: “నాకు సరిగా వినబడదు, నా వంతు వచ్చినప్పుడు చెయ్యి ఊపండి.” పెళ్లిళ్లలో బ్యాండుకూ స్పీకర్లకూ దూరంగా, వీపు గోడకు ఆన్చి కూచోండి. ఫోనులో ఊరి పేర్లూ, తారీఖులూ, రూపాయల లెక్కా రాసి పంపమనండి. వీడియోలో ముఖం కనబడేలా మాట్లాడితే ఇంకా హాయి. మా తమ్ముడు ఇప్పుడు నాతో అలాగే మాట్లాడుతున్నాడు.

చెప్పుకోవడానికి సిగ్గు అనేది ఈనాటిదీ కాదు, మన దేశానిదే కాదు. పాశ్చాత్య సంగీతంలో మహామహుడైన బీథోవెన్‌కు ముప్పయ్యేళ్లకే చెముడూ హోరూ పట్టుకున్నాయి. 1801లో ఆయన డాక్టరైన ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, చెవుల్లో రేయింబవళ్లు మోత ఆగడం లేదనీ, తనకు చెముడని నలుగురితో అనలేక సభలకూ విందులకూ వెళ్లడం మానేశాననీ వాపోయాడు. అంతటివాణ్ని కూడా ఇల్లు కదలనివ్వకుండా చేసింది హోరొక్కటే కాదు, ఆ ఒక్క మాట పైకి అనలేకపోవడమూను. మనం అనేద్దాం.

పిల్లల కోసం ఒక మాట

ఉన్న చెవులను కాపాడుకోవడం తేలిక. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు మించి ఉండకూడదంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగానికి సగం తగ్గుతుంది. అంటే 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన 100 దాటడం మామూలే, అక్కడ పావుగంట కూడా ఎక్కువే. మగ్గాల దగ్గర, పిండిమరల్లో, రేకుల షాపుల్లో పనిచేసేవారు చెవులకు బిరడాలు పెట్టుకోవాలి. పిల్లలు ఇయర్‌ఫోను పెట్టుకున్నప్పుడు, చేతికందే దూరంలో మనిషి మామూలుగా మాట్లాడితే వినబడకపోతే, వాల్యూం ఎక్కువైందని గుర్తు. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. ప్రత్యేకంగా అనుమతించిన కొద్ది పండుగ రోజుల్లో అర్ధరాత్రి దాకా సడలింపు ఉంటుంది.

మా మనవరాలికి ఆరేళ్లు. రహస్యాలు చెప్పడం మా చెడ్డ సరదా. నా చెవిలో నోరు పెట్టి గుసగుసలాడుతుంది. గుసగుసలో గొంతు ఉండదు, ఉన్నదంతా సన్నని గాలి చప్పుడే. నాకు అందనివన్నీ అందులోనే ఉన్నాయి. మొదట్లో అది చెప్పి, “సరేనా నానమ్మా?” అంటే ఏమనాలో తెలిసేది కాదు. ఒక రోజు దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, “నానమ్మ చెవి పాడైంది కదా, రహస్యం నా మొహం చూస్తూ మామూలుగా చెప్పు, ఇక్కడ ఎవరూ వినరు” అన్నాను. అది అటూ ఇటూ చూసి, స్కూల్లో పెన్సిలు పోగొట్టుకున్న సంగతి చెప్పింది. ఇప్పుడు ఏ రహస్యం వచ్చినా నా చెయ్యి పట్టుకుని పెరట్లోకే లాక్కుపోతుంది. చెవిలో హోరు ఉంది, అది ఉండనే ఉంటుంది. పిల్ల మాట దాని మీదుగా నాకు వస్తోంది.

మీ ఇంట్లో వినబడని పెద్దవాళ్లుంటే ఈ వారమే వినికిడి పరీక్షకు తీసుకువెళ్లండి. ఆ లోపల, ఇవాళ రాత్రి భోజనాల దగ్గర టీవీ కట్టేసి, వాళ్ల ఎదురుగా కూచుని, ఇవాళ జరిగిన ఒక సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. రెండోసారి అడిగితే రెండోసారీ చెప్పండి.